పాత కంప్యూటర్‌ను తిట్టే ముందు జిప్ విప్పండి

మొన్న మా వీధి చివరి డీటీపీ సెంటర్‌లో ఒక కుర్ర మెకానిక్ తీర్పు చెప్పేశాడు: "ఇంత పాత డబ్బాలో ఈ జిప్ సాఫ్ట్‌వేర్లు ఎక్కవండీ, కొత్తది తీసుకోండి." యజమాని తలూపాడు. ఫ్లెక్సీ డిజైన్ కోసం వచ్చినవాళ్లూ తలూపారు. ఈ తలూపుళ్లు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. నాడి పట్టకుండానే శ్మశానానికి దారి చూపే వైద్యం ఇది.

ఫైళ్లను కుదించి మూటకట్టే ఈ జిప్ నిన్నగాక మొన్న వచ్చిన వింత అనుకుంటున్నారా? 1989లో ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ పీకేజిప్‌తో తెచ్చాడు. 640 కేబీ మెమరీతో కుస్తీ పడే డాస్ కంప్యూటర్లే దాన్ని విప్పాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఆ విద్య పుట్టుకతోనే వచ్చు. దానికి చేతకాదట!

ఇంతకీ ఆ కుర్రాడు చేసిందేమిటి? జిప్ తెరిచి, లోపల కనబడిన సెటప్‌ను నొక్కాడు. ముందు అన్నిటినీ బయటికి తీయమని విండోస్ బాక్స్ పెట్టి మరీ చెప్పింది. చదివితే కదా! రన్ కొట్టాడు. అలా కొడితే సెటప్ ఒక్కటే టెంప్ ఫోల్డర్‌లోకి పోతుంది. దానికి కావలసిన మిగతా ఫైళ్లు జిప్‌లోనే ఉండిపోతాయి. ఫైల్ దొరకలేదని ఎర్రర్ రాక ఏమొస్తుంది? రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' అంటే తీరిపోయే పనికి వేల రూపాయల బిల్లా?

జిప్ లాంటి మరో మూట రార్ సంగతి మరీ ఘోరం. 2013లో విన్‌రార్ 5తో రార్ కొత్త రూపం ఎత్తింది. పాత విన్‌రార్ 3కి అది అంతుబట్టదు. 'తెలియని ఫార్మాట్ కావచ్చు, ఫైల్ పాడై ఉండవచ్చు' అంటుంది. మనవాళ్లు మొదటి ముక్క వదిలేసి రెండోది పట్టుకుంటారు. మళ్లీ డౌన్‌లోడ్, మళ్లీ అదే మాట. ఆఖరికి హార్డ్ డిస్క్ పోయిందని తేలుస్తారు. ఇగోర్ పావ్లోవ్ 1999 నుంచి సెవెన్‌జిప్‌ను ఉచితంగా ఇస్తున్నాడు. 32 బిట్‌ది రెండు ఎంబీ కూడా ఉండదు. 2015 తర్వాతి వెర్షన్ వేసుకుంటే ఆ కొత్త రార్ కూడా తెరుచుకుంటుంది.

నిజంగా ఎక్కనివీ ఉన్నాయి, కాదనను. 64 బిట్ ప్రోగ్రాం 32 బిట్ విండోస్‌లో చచ్చినా ఎక్కదు. అప్పుడు కావలసింది 32 బిట్ పాత వెర్షన్. అది దొరుకుతుందా? నా అసలు కోపం ఇక్కడే. చాలా కంపెనీలు కొత్తదానికి పెద్ద బటన్ పెట్టి, పాతవాటిని మాయం చేస్తాయి. దిక్కుతోచనివాడు ఏదో అనామక సైటుకు పోతాడు. అక్కడ పాస్‌వర్డ్ పెట్టిన జిప్, పక్కనే 'యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి' అని ఉచిత సలహా. పాస్‌వర్డ్ దేనికనుకున్నారు? యాంటీవైరస్ లోపలికి తొంగి చూడకుండా! ఇక వైరస్ వస్తే తప్పు పాత కంప్యూటర్‌దేనట. మనసుంటే పాతవి ఉంచడం కష్టమేమీ కాదు. లిబ్రేఆఫీస్ వాళ్లు 2011 నాటి తొలి వెర్షన్‌ను కూడా తీసేయలేదు. ఉచితంగా ఇచ్చేవాళ్లకున్న మర్యాద, డబ్బు పుచ్చుకునేవాళ్లకు లేకపోయింది.

భద్రత మాటేమిటంటారా? ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సవరణలు ఆగాయి, నిజమే. నెట్ వైరు పీకేయండి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖ కట్టడానికి ఇంటర్నెట్ దేనికి?

ఎక్స్‌పీ వరకూ ఎందుకు, విండోస్ 10కే 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేశారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలట, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలట. నిన్నటిదాకా చకచకా పనిచేసిన యంత్రానికి తేదీ పెట్టి ముసలితనం అంటగట్టారు. దీన్ని ప్రగతి అని మెచ్చుకునే మేధావులు ఇలా మూలపడే యంత్రాల చెత్తను తమ పెరట్లో పోయించుకుంటారా?

నన్నడిగితే ప్రతి ఊరి గ్రంథాలయంలోనూ ఉచిత సాఫ్ట్‌వేర్ల పాత వెర్షన్లు ఒక డిస్క్‌లో దాచిపెట్టాలి. ఎవరు దాచాలో, ఖర్చెవరిదో పెద్దలు తేల్చుకోవాలి. అంతవరకూ మీరొక పని చేయండి. కొత్త కంప్యూటర్ కొనమన్నవాణ్ణి, వచ్చిన ఎర్రర్ ఏమిటో, మీది 32 బిట్టో 64 బిట్టో కాగితం మీద రాసిమ్మనండి. రాయలేకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.