పాత విలాస వాహనానికి స్వహస్త సేవ

అభన్‌పూర్ మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి దక్షిణంగా ధమ్‌తరీ, కాంకేర్, జగదల్‌పూర్, కోంటా దాటి, భద్రాచలం మీదుగా విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నం చేరుతుంది. రాయపూర్ ప్రాంతంలో స్థిరపడిన మావంటి తెలుగువారికి ఇది పుట్టింటి బాట. ఈ బాట మీద కుటుంబాన్ని మోయడానికి నేను నాలుగేళ్ల క్రితం ఒక పాత విలాస వాహనం కొన్నాను. తయారు చేసిన కంపెనీ పేరు ఇక్కడ అప్రస్తుతం. తోలు సీట్లు, నాలుగు చక్రాలనూ తిప్పే యంత్రాంగం, రెండు టన్నులకు మించిన బరువు, వయసు పదకొండేళ్లు. వెల మాత్రం కొత్త చిన్న కారు వెలకన్న తక్కువ! మంచి బేరం కుదిరిందని పొంగిపోయాను. వాహనం వెల ఏటేటా కరిగిపోతుంది గాని దాని విడిభాగాల వెల కరగదన్న సంగతి మొదటి బిల్లు చేతికి వచ్చాక గాని బోధపడలేదు.

ఆ బిల్లు భయంతోనే నేను పనిముట్లు చేతబట్టాను. మెకానిక్‌ను కావాలని కాదు. అతనికి ఏమి చెప్పాలో తెలుసుకుందామని.

నాకు గుణపాఠం చెప్పినది కేశ్‌కాల్ కనుమ. జగదల్‌పూర్ నుండి తిరిగివస్తూ, పన్నెండు మలుపులకు పేరుపడ్డ ఆ కనుమ దిగుతున్నాము. వెనుక సీటులో అత్తగారు, పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. సగం దిగేసరికి బ్రేకు పెడల్ మెత్తబడింది. మరు మలుపు దగ్గర పాదం కింద నేలదాకా దిగిపోయింది. గబగబా నాలుగైదుసార్లు తొక్కి, గేరు తగ్గించి, చేతి బ్రేకును మెల్లమెల్లగా లాగుతూ కొండవైపు అంచున ఆపగలిగాను. ముప్పావుగంట తరువాత పెడల్ తనంతట తానే మామూలు స్థితికి వచ్చింది. నన్ను ఎక్కువగా భయపెట్టినది అదే. ఏమీ జరగనట్లు నటించే లోపం కన్న ప్రమాదకరమైనది లేదు.

కారణం బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగకూడదు. తేమ చేరిన స్థితికి నిర్ణయించిన కనీస ప్రమాణం 155 డిగ్రీలే. పల్లంలో విడవకుండా బ్రేకు నొక్కితే, రెండు టన్నుల బరువును ఆపే ప్రయత్నంలో ఆ వేడి ఇట్టే పుడుతుంది. ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. కాలి బలమంతా బుడగలకే ఖర్చై చక్రానికి చేరదు. చల్లబడితే బుడగలు మాయమై పెడల్ గట్టిపడుతుంది. మా బండిలో ఆ ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. నేను అడగనూ లేదు. అది నా తప్పే.

రెండేళ్లకు ఒకసారి, మెకానిక్ చేతనే, దీనిని పూర్తిగా మార్పించండి. తేదీ మాత్రం మీ పుస్తకంలో మీరే రాసుకోండి. డబ్బాలో మట్టం తగ్గితే పోసి ఊరుకోకండి. బ్రేకు దళ్లు అరిగాయా, ఎక్కడైనా కారుతున్నదా అని చూడవలె. పొరపాటున ఇంజన్ ఆయిల్ కొద్దిగా పడినా లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. అప్పుడు బండిని కదిలించకుండా మెకానిక్‌ను పిలవండి.

పాత విలాస వాహనాలను ఇంజన్ కన్న ముందు రబ్బరు ముంచుతుంది. రేడియేటర్ గొట్టాలు, బెల్టులు, కుదుపులను భరించే బుష్షులు అన్నీ దాని సంతానమే. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు ఈ ప్రాంతానికి కొత్త కావు. తెల్లవారుజామున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, గొట్టాలను వేళ్లతో నొక్కి చూడండి. మెత్తబడినా, పగుళ్లు కనిపించినా, క్లిప్పు దగ్గర ఉబ్బినా మార్చవలసినదే. వేడి మీద రేడియేటర్ మూత తీయరాదు. ఒత్తిడి వల్ల లోపలి నీరు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉండి, మూత తీయగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. బోరు నీరు పోస్తే లవణాలు లోపల గారకడతాయి. తయారీదారు చెప్పిన కూలెంట్‌నే, అవసరమైతే డిస్టిల్డ్ వాటర్ కలిపి, వాడండి. అందులో సాధారణంగా ఉండే గ్లైకాల్ రుచికి తియ్యన, కాని విషం. పాత కూలెంట్‌ను పెరటిలో పారబోస్తే కుక్కలు తాగి చచ్చిపోతాయి. పిల్లలకు అందనీయకండి.

వరి కోతల తరువాత ఇక్కడ గాలి నిండా పొట్టే. అది రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కుంటుంది. ఇంజన్ చల్లారాక, ఇంజన్ వైపు నుండి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టవలె. ఎలుకల సంగతి వేరే చెప్పాలా? తీగలు కొరకడం వాటికి నిత్యకృత్యం. వారానికొకసారి బానెట్ ఎత్తి చూడడం మినహా నాకు మరో మందు దొరకలేదు.

విలాసమన్న మాట కూడా చిత్రమైనదే. 1970లో రేంజ్ రోవర్ మొదట వెలువడినప్పుడు దాని లోపలి భాగం నీళ్లతో కడుక్కోదగినదిగా ఉండేది! తోలు, మెత్తని తివాచీలు తరువాతి ముచ్చట. మరమ్మతును కష్టతరం చేసినవీ ఆ తరువాత వచ్చిన సౌకర్యాలే. గాలి బుడగలపై నిలిచే బండి తనంతట తాను కిందికి దిగగలదు. కనుక కేవలం జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరకండి. ఇటుకలు, రాళ్లు నమ్మదగినవి కావు. బరువుకు తగిన ఇనుప స్టాండ్లు కావలెను. ఎయిర్‌బ్యాగులు, స్ప్రింగుల జోలికి మాత్రం పోకండి.

లోపాల సంకేతాలు చదివే చిన్న పరికరం కొనుక్కోవడం మంచిదే. అయితే అది ఫిర్యాదు ఎక్కడినుండి వచ్చిందో చెబుతుంది గాని, ఏ భాగం కొనాలో చెప్పదు. ఆ తేడా తెలియక నేను ఒక మంచి సెన్సర్‌ను చెత్తలో పారేశాను. చివరికి చూస్తే తెగినది తీగ.

ఫోర్డ్ 2021లో భారతదేశంలో తయారీని ఆపనున్నట్లు ప్రకటించినప్పుడు ఎండీవర్ యజమానులు ఎందరో విడిభాగాల గురించి బెంగపడ్డారు. నా బీరువాలో ఇప్పుడు రెండు బెల్టులు, పై గొట్టం, కింది గొట్టం సిద్ధంగా ఉన్నవి. టైరు పక్కన ఉండే నాలుగంకెలనూ చదవడం నేర్చుకున్నాను. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. స్టెప్నీ మీద ఆ అంకెలు చూసి సిగ్గుపడి, వచ్చే ప్రయాణానికి ముందే మార్పించాలని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.