నీడ ఎన్ని ఎకరాలు?

ఆదివారం మా ఇంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. హాల్లో మా మేనల్లుడి కొడుకు ట్యాబ్‌లో యాస్ దీవి ఉపగ్రహ చిత్రం తెరిచి, వేలితో గీతలు గీస్తూ, అబుధాబిలో రాబోయే డిస్నీలాండ్ ఎన్ని ఎకరాలుంటుందో కొలుస్తున్నాడు. పక్క గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన వడ్రంగి ఒకాయన అల్మారా తలుపు సరిచేస్తున్నాడు. పదకొండేళ్లు గల్ఫ్‌లో షట్టరింగ్ పని చేసి వచ్చిన మనిషి. "తాతయ్యా, ఇది షాంఘై కన్నా పెద్దదవుతుంది!" అని పిల్లవాడు కేక వేసేసరికి ఆయన కూడా లేచి వచ్చాడు. చెవి మీది పెన్సిల్ తీసి, తెర మీద ఇసుక రంగులో కనిపిస్తున్న ఖాళీ జాగా చుట్టూ గాలిలోనే ఒక గీత గీశాడు.

"పెద్దదే బాబూ. అండ్ల చెట్టు ఒక్కటన్న ఉన్నదా?"

వాడి దగ్గర జవాబు లేదు. వారం రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

2025 మే 7న డిస్నీ ఈ ప్రకటన చేసింది. ప్రపంచంలో వాళ్లకిది ఏడో రిసార్టు. కట్టేదీ నడిపేదీ అబుధాబికి చెందిన మిరాల్ సంస్థ. ఊహ, రూపకల్పన డిస్నీవి. రూపకల్పనకు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, ఆపైన కట్టడానికి అయిదేళ్లు పడుతుందని అప్పటి డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ చెప్పారు. నీటి ఒడ్డున మెలిక తిరుగుతూ పైకి లేచే గాజులాంటి కోట బొమ్మ ఒకటి విడుదల చేశారు. విస్తీర్ణం మాత్రం చెప్పలేదు. ఆ చెప్పని అంకెను అభిమానులు పట్టుకున్నారు. ఒకరు దీవి ఉత్తరపు కొసంతా అంటారు, ఇంకొకరు ఒకే కప్పు కింద పార్కు మొత్తం అంటారు. అభిమానాన్ని నేను తప్పుపట్టను. ఇంకా పునాది పడని చోటును ఇంత ప్రేమగా ఊహించుకోవడం మంచి విషయమే. కానీ ఆ ప్రేమంతా 'ఎంత పెద్దది' దగ్గరే ఆగిపోతోంది. నా బాధ అది.

పరిమాణం గొప్పతనం కాదని డిస్నీ తొలి పార్కే రుజువు చేసింది. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో తెరిచినప్పుడు, వాళ్లు కొన్న నారింజ తోటల భూమి మొత్తం 160 ఎకరాలు. కార్లు నిలిపే జాగా కూడా అందులోనే. అక్కడి కోట ఎత్తు 77 అడుగులు, మన ఏడంతస్తుల అపార్ట్‌మెంటంత. అయినా అది మేఘాలను తాకుతున్నట్టే ఉంటుంది. కింది రాళ్లు పెద్దవి, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి, కిటికీలూ అంతే. కన్ను మోసపోయి దూరాన్ని కలుపుకుంటుంది. పార్కు చుట్టూ మట్టికట్ట పోసి, దాని మీద రైలు నడిపి, బయటి ఊరు లోపలివాళ్లకు కనబడకుండా చేశారు. ఫ్లోరిడాలో పాతికవేల ఎకరాలకు పైగా కొన్నారు కదా అంటారు. నిజమే, కానీ అక్కడ అందరూ పరుగెత్తే మ్యాజిక్ కింగ్‌డమ్ వంద ఎకరాల పైచిలుకు మాత్రమే. 2005లో తెరిచిన హాంకాంగ్ పార్కు మరీ చిన్నదని విమర్శలొచ్చాయి. అక్కడి లోటు నేలది కాదు, లోపల చూడదగ్గవి తక్కువ కావడానిది.

అసలు పాఠం టోక్యోలో ఉంది. 1983లో అక్కడ కట్టినప్పుడు, ప్రవేశం దగ్గరి వీధినంతటినీ గాజు కప్పు కిందికి తెచ్చారు. వానొస్తే జనం ఆగిపోకూడదని. 1992లో పారిస్‌లో కట్టినప్పుడు ముఖ్య వీధికి రెండు పక్కలా లోలోపలే నడిచిపోయే వసారాలు పెట్టారు, చలికీ వానకూ. ఊరి వాతావరణం పార్కు ఆకారాన్ని నిర్ణయించింది. మరి అబుధాబిలో నిర్ణయించాల్సింది ఎండ. అదే దీవిలో 2018లో వచ్చిన వార్నర్ బ్రదర్స్ వరల్డ్, 2023లో వచ్చిన సీవరల్డ్ ఏసీ కప్పుల కిందికి పోయాయి. డిస్నీ కూడా అలాగే పోతే, వీధి చివర ఆకాశంలో కోట కనబడే ఆ మొదటి క్షణం పోతుంది. అలా కాకుండా చేసే తెలివి ఆ నేలలోనే ఉంది. దుబాయి పాతబస్తీలో అల్ ఫాహిదీ సందులు చూసినవాళ్లకు తెలుసు: ఎదురెదురు గోడలు దగ్గరగా ఉండి ఒకదాని నీడ ఒకదాని మీద పడుతుంది, బర్జీల్ అనే గాలి గోపురాలు పైగాలిని పట్టి గదిలోకి దింపుతాయి. పార్కులో ఎమిరేట్ల తనం ఉట్టిపడాలని చెబుతున్నారు. గోడల మీద ముగ్గులు వేస్తే అది రాదు, సందులో నీడ పడితే వస్తుంది.

నీడ గురించి ఈ శీర్షికలో నేను రాయడం మొదటిసారి కాదని పాఠకులకు తెలుసు. మళ్లీ రాస్తాను కూడా. చేవెళ్ల దారిలో వందల మర్రిచెట్లు రోడ్డు వెడల్పుకు అడ్డమని అన్నప్పుడు వాటి కోసం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సివచ్చింది. చెట్టు నరకడానికి ఒక్క సంతకం చాలు, నిలపడానికి ఏళ్ల తరబడి వాదించాలి. మన నగరాల్లో కొత్త బస్‌స్టాపులు చూడండి: మెరిసే స్టీలు, వెలిగే ప్రకటన, మధ్యాహ్నం పన్నెండింటికి నిలబడితే నెత్తి మీద మాత్రం ఎండ. 'ఆసియాలోనే పెద్దది', 'దేశంలోనే ఎత్తయినది' అని శంకుస్థాపనల్లో చప్పట్లు కొట్టే అలవాటు మనదే. ఆ అలవాటే ఇప్పుడు పిల్లవాడి ట్యాబ్‌లో కనబడుతోంది. వాడి తప్పేమీ లేదు, పెద్దవాళ్లం నేర్పింది.

వడ్రంగి అడిగింది పార్కు చూడబోయే వాళ్ల నీడ గురించి కాదు. ఆ సంగతి నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. టీ తాగుతూ ఆయన తన మొదటి వేసవి గురించి చెప్పాడు. షట్టరింగ్ ఇనుప పలకను చేత్తో ముట్టుకుంటే చర్మం అంటుకుపోయేదట. తడిగుడ్డ చుట్టుకుని పట్టుకునేవారట. "బిల్డింగ్ లేసేదాక మాకు నీడ ఉండదు సార్. లేసినంక మేం ఉండం," అన్నాడు. ఆయన పనిచేసిన కంపెనీ పేరు నేను రాయను. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఏ ఊరికెళ్లినా ఈ మాట ఏదో ఒక ఇంట్లో వినిపిస్తుంది. ఏ దేశం పోయినా 'దుబాయి పోయిండు' అనే ఊళ్లవి. శంషాబాద్ విమానాశ్రయంలో పెట్టెల్లో దిగే మనుషులూ ఆ ఊళ్లవాళ్లే. గల్ఫ్‌లో చనిపోయిన వారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు అయిదు లక్షలు ఇస్తోంది. ఇవ్వాల్సిందే. కానీ అది మనిషి పోయాక వచ్చే డబ్బు.

ప్రపంచ జనాభాలో మూడోవంతు నాలుగు గంటల విమాన ప్రయాణం దూరంలోనే ఉందని డిస్నీ గొప్పగా చెప్పుకుంది. హైదరాబాద్ కూడా ఆ గీత లోపలే. టికెట్ కొనబోయే మన పిల్లలూ, ఇటుక మోయబోయే మన పిల్లలూ ఎక్కేది ఒకే విమానం. అందుకే అభిమానులను అడుగుతున్నాను. ఉపగ్రహ చిత్రంలో క్రేను నీడను కొలిచి కోట ఎత్తు చెప్పగలిగే ఓపిక మీకుంది. కంపెనీలు మీ మాట వింటాయి, మీ అలకకు భయపడతాయి. ఎన్ని ఎకరాలని అడిగిన నోటితోనే, కట్టేవాళ్లకు చల్లటి గది ఎక్కడ, నీళ్లు ఎక్కడ, ఎండ ముదిరిన రోజున పని ఆపేది ఎవరు అని కూడా అడగండి.

ఆ దేశంలో ఆరుబయట పనికి మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు విరామం చట్టంలోనే ఉంది. అది ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా అమలవుతుంది. 2025 మే 24న, పార్కు ప్రకటన వచ్చిన పదిహేడు రోజులకు, అబుధాబి ఎమిరేట్‌లోని స్వీహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది. విరామం మొదలవడానికి అప్పటికి ఇంకా 22 రోజులుంది.