లెక్కకెక్కని జబ్బులు

కలుషితాహారం వల్ల 2010లో ప్రపంచవ్యాప్తంగా 60 కోట్ల మంది జబ్బుపడ్డారని, 4.20 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా కట్టింది. మృతుల్లో 1.25 లక్షల మంది ఐదేళ్లలోపు పసివాళ్లు. ఇంతకంటే గుండె తరుక్కుపోయే అంకె మరొకటి ఉండదు. అకాల మరణాలు, అనారోగ్యం కలిసి హరించిన ఆరోగ్యకర జీవితాన్నీ కొలిచారు: ఆ ఒక్క ఏడాదిలోనే 3.3 కోట్ల సంవత్సరాలు!

ఇది తక్కువలో తక్కువ లెక్కేనని ఆ సంస్థే చెప్పింది. నిజమే మరి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మన ఊళ్లలో ఏం చేస్తారు? మజ్జిగ తాగి పడుకుంటారు, తగ్గకపోతే మందుల షాపులో రెండు మాత్రలు అడిగి తెచ్చుకుంటారు. మల పరీక్ష ఉండదు, ఏ రిజిస్టరులోనూ పేరెక్కదు. వేరుశనగ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అయితే ఏళ్ల తర్వాత కాలేయ క్యాన్సర్‌గా బయటపడవచ్చు. అప్పటికి ఎప్పుడో తిన్న పల్లీలను ఎవరు అనుమానిస్తారు? హాస్టల్ పిల్లలు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలైతేనే అది వార్త.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చే విరేచనాల రోగుల్లో కొందరికైనా క్రమం తప్పకుండా పరీక్షలు చేయించాలి. ఏ క్రిమి ఎక్కడ విజృంభిస్తోందో ప్రభుత్వాలు జిల్లాలవారీగా ప్రతి నెలా ప్రకటించాలి.