నొప్పి రాత్రి మూడింటికి, ఈసీజీ పొద్దున పదకొండింటికి

మా చిలమకూరులో గుండెకాడ నొప్పంటే ముందు చేతికందేది సోడా సీసా. దానికి తగ్గకపోతే వాము నమలమంటారు. వాముకూ లొంగకపోతే ఈనో పొట్లం నీళ్లలో కలిపిస్తారు. ఈలోగా ఎవరో ఒకరు వీపు మీద అరచేత్తో రుద్దుతూ ‘ఒక్క త్రేన్పు రానీ, అదే తగ్గిపోతాది’ అంటుంటారు. నొప్పి దవడకు పాకిందంటే ఇక అది పంటి ఖాతాలోకి పోతుంది. లవంగం బయటికొస్తుంది, మరునాడు ఎర్రగుంట్లలోనో ప్రొద్దుటూరులోనో పళ్ల డాక్టరు ముందు కుర్చీ దొరుకుతుంది. గుండె సంగతి ఏమోనన్న అనుమానం వీటన్నిటి తర్వాత, తీరిగ్గా వస్తుంది.

దీన్ని పల్లెటూరి తెలియనితనమని కొట్టిపారేయలేం. గుండె నుంచి, అన్నవాహిక నుంచి, ఎడమ చేతి నుంచి, దవడ నుంచి వచ్చే నరాలు వెన్నుపాములోనూ మెదడు కాండంలోనూ దగ్గర దగ్గరగా కలుస్తాయి. నాలుగు వీధుల ఉత్తరాలు ఒకే సంచిలో పడ్డట్టు. ఏది ఏ ఇంటిదో తేల్చుకోలేక మెదడు గుండె బాధను దవడ పేర రాసేస్తుంది. అన్నవాహిక బాధను గుండె పేరనా రాయగలదు. అందుకే సోడా ఇచ్చే మా పెద్దమ్మలే కాదు, చదువుకున్న డాక్టర్లూ ఇక్కడ తడబడతారు. లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో తోటి వైద్యుల ముందు ఈ రొమ్ము నొప్పిని వర్ణించి, ఆంజైనా పెక్టోరిస్ అని పేరు పెట్టాడు. నడుస్తుంటే పట్టేస్తుంది, నిలబడితే వదిలేస్తుంది అన్నాడు. రెండున్నర శతాబ్దాలు దాటినా ఓపీలో మొదటి ప్రశ్న అదే: నడిస్తే వస్తుందా, కూర్చుంటే పోతుందా?

నాకు నడిస్తే రాదు. పడుకున్నప్పుడు వస్తుంది.

ఎక్కువగా రాత్రి మూడు గంటల ప్రాంతంలో. రొమ్ము ఎముక వెనక బిగువు మొదలై గొంతులోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి రెండు దవడల కిందికి, చెవుల ముందు దాకా పాకుతుంది. కింది వరస పళ్లన్నీ ఒకేసారి లాగుతాయి. మంచం పట్టీ పట్టుకొని లేచి కూర్చుని, కింద నాపబండల మీద అరికాళ్లు ఆనిస్తే ఆ చల్లదనం కాస్త హాయి. మా అత్త లేచి లైటు వేసి ‘ఏమ్మే, మళ్లా వచ్చిందా?’ అంటుంది. తలూపుతానే గానీ నోరు తెరవను, తెరిస్తే దవడ ఇంకా లాగుతుంది. కాసేపటికి, ఎలా వచ్చిందో అలాగే వదిలిపోతుంది. చెమటకు తడిసిన జాకెట్టు మార్చుకొని పడుకుంటాను, నిద్ర మాత్రం రాదు.

తెల్లారి పొయ్యి దగ్గర పని చక్కబెట్టుకొని, ఆటో పట్టుకొని, ఆసుపత్రిలో చీటీ రాయించుకొని నా వంతు వచ్చేసరికి పదకొండు. ఈసీజీ తీస్తారు. నార్మల్. రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. నార్మల్. ఎకో, ట్రెడ్‌మిల్, అవీ నార్మల్. చివరికి మణికట్టు దగ్గర సన్నని గొట్టం ఎక్కించి యాంజియోగ్రామ్ తీశారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయన్నారు. ‘నీకేం లేదమ్మా, గ్యాసు. టెన్షన్ తగ్గించుకో’ అని పంపించారు. ఆ రోజు ఇంట్లో పండగే. నెల తిరక్కుండానే నొప్పి మళ్లీ వచ్చింది.

నాలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది. తిరుపతి స్విమ్స్‌కు పోయొచ్చినవాళ్లు, రాయవేలూరుకు రైలెక్కినవాళ్లు, 1991 నుంచి పేదల గుండెలకు ఉచితంగా వైద్యం చేస్తున్న పుట్టపర్తికి పోయొచ్చినవాళ్లు. అందరి సంచుల్లోనూ ఫైళ్లు లావుగా ఉంటాయి, అన్నిట్లోనూ నార్మలే. వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. ఇది మా ఊరి ముచ్చట మాత్రమే కాదు. 31 దేశాల సర్వేలను కలిపి 2008లో లెక్క చూస్తే, ఆంజైనా తరహా నొప్పి ఉందని చెప్పినవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే కాస్త ఎక్కువగా తేలారు. గుండెజబ్బంటే మగవాడి జబ్బని ఇప్పటికీ అనుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

నార్మల్ రిపోర్టు అబద్ధం చెప్పదు. అయితే తనను అడిగినదానికే జవాబు చెబుతుంది. యాంజియోగ్రామ్‌ను మనం అడిగింది, పెద్ద రక్తనాళాల్లో ఇప్పుడు అడ్డంకి ఉందా అని. లేదని చెప్పింది. వాటి నుంచి చీలి గుండె కండరంలోకి పోయే సన్నని నాళాలు ఆ బొమ్మలో కనిపించవు. అవి సరిగ్గా విచ్చుకోకపోయినా నొప్పి వస్తుంది. పెద్ద నాళమే ఉన్నట్టుండి బిగుసుకుపోయి, కాసేపటికి సడలిపోవచ్చు కూడా. 1959లో అమెరికాలో ప్రింజ్‌మెటల్ అనే వైద్యుడు ఇలాంటి నొప్పినే వర్ణించాడు. నడిచినప్పుడు రాదు, విశ్రాంతిలో ఉన్నప్పుడు వస్తుంది, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య ఎక్కువ. వచ్చినప్పుడు ఈసీజీ మారుతుంది, పోయాక మామూలైపోతుంది. పొద్దున పదకొండింటికి తీసిన ఈసీజీకి రాత్రి మూడింటి సంగతి ఎట్లా తెలుస్తుంది?

గుండెను దాటితే అన్నవాహిక ఉంది. దాని కండరాలు అదుపు తప్పి బిగుసుకుంటే నొప్పి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది, దవడ దాకా పోతుంది. తమాషా ఏమిటంటే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర రెండింటికీ పనిచేయగలదు. ‘మాత్ర పెట్టంగానే తగ్గింది, గుండెదే’ అని మనం చేసే తీర్పు అందుకే చెల్లదు. పక్కింటాయన మాత్ర అరువు తెచ్చుకోవడం అంతకంటే తప్పు, బీపీ పడిపోయి మనిషి కూలబడే ప్రమాదముంది. పులితేన్పులు, పక్కటెముకల కీళ్ల వాపు, ముఖం నరం జబ్బు, భయంతో వచ్చే దడ, ఇవన్నీ కూడా జాబితాలో ఉన్నాయి. భయం వల్ల వచ్చే నొప్పయినా అది నొప్పే. ‘మనసులో పెట్టుకుంటావు’ అనే మాట దానికి మందు కాదు.

కారణం వెతికితే దొరుకుతుందా, దొరికి లాభమా? అడ్డంకులు లేకుండానే ఆంజైనా ఉన్న 151 మందిపై స్కాట్లండ్‌లో జరిగిన కార్‌మికా అనే పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. యాంజియోగ్రామ్‌తో ఆపకుండా, నాళం బిగుస్తోందా, సన్న నాళాలు మొరాయిస్తున్నాయా అని తేల్చి, దానికి తగిన మందిచ్చినవాళ్లకు నొప్పి తగ్గింది, బతుకు తేలికైంది. నాళం బిగుసుకునేవాళ్లకు డిల్టియాజెమ్, ఆమ్లోడిపిన్ లాంటి మందులు పనిచేస్తాయి. గుండెకు మామూలుగా రాసే బీటా బ్లాకర్లు వాళ్లలో కొందరికి ఎదురు తిరగవచ్చు. అంటే పేరు తెలియకుండా మందు మింగడం కూడా ప్రమాదమే.

డాక్టర్ల వైపు నుంచి చూస్తే వాళ్లదీ న్యాయమే. ప్రాణం తీసేది ముందు, ప్రాణం విసిగించేది తర్వాత. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో జరిగిన మరణాలను ఆరా తీస్తే దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. గుండెపోటు పట్నం జబ్బనే భ్రమ అప్పుడే పోయింది. మన ప్రభుత్వాలు చేసిన ఏర్పాట్లు కూడా ఇలాంటి ఆపదలను ఎదుర్కోవడానికే. 2005 ఆగస్టు 15న 108 వచ్చింది. పులివెందులలో డాక్టరుగా ప్రాక్టీసు చేసిన రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చారు. ఇప్పుడు చిన్న పట్నాల ప్రభుత్వాసుపత్రుల్లో కూడా ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి వైద్యులకు పంపి, అవసరమైతే దాదాపు 40,000 రూపాయల ఖరీదు చేసే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. ఇవి వేల ప్రాణాలకు సంబంధించిన పనులు, వీటిని తక్కువ చేసి మాట్లాడను.

నా గొడవ వేరు. ‘ఏమీ లేదు’ అన్న తీర్పు పట్టుకొని ఇంటికి వచ్చినవాళ్లు మళ్లీ నొప్పి వస్తే ఏం చేస్తారు? పోరు. నేనూ పోలేదు. అర్ధరాత్రి 108కు ఫోన్ చేసి, ఊరంతా లేపి, తీరా పోతే ‘మళ్లా గ్యాసేనా అమ్మా?’ అని నర్సు నవ్వుతుందేమోనన్న సిగ్గు. ఆటోకు డబ్బులు, మొగుడికి పనిదినం పోతుందన్న లెక్క. ఈ సిగ్గే నొప్పి కంటే చెడ్డది. దేశవ్యాప్తంగా 89 ఆసుపత్రుల్లో 20,000 మందికి పైగా గుండె రోగులను గమనించిన క్రియేట్ అధ్యయనం 2008లో వచ్చింది. వాళ్లలో సగం మంది నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి 6 గంటలో, అంతకు మించో పట్టింది. అన్నీ దూరాభారం వల్లే జరిగిన ఆలస్యాలని నేను నమ్మను. ‘చూద్దాం, తగ్గుతాదిలే’ అని మంచం పట్టీ పట్టుకొని గడిపిన గంటలు కూడా అందులో ఉంటాయి. పదిసార్లు గ్యాసే అయినవాళ్లకు పదకొండోసారి గుండెపోటు రాదని ఏ డాక్టరూ పూచీ ఇవ్వడు.

కాబట్టి నేనడిగేది పెద్ద ఆసుపత్రి కాదు. నొప్పి ఉన్న పావుగంటలో ఈసీజీ తీసే చోటు కావాలి. అది గుండెపోటైతే ప్రాణం నిలబడుతుంది, కాకపోతే ఇన్నాళ్లూ దొరకని ఆనవాలు కాగితం మీదికి వస్తుంది. ఒకే పని, రెండు లాభాలు. ఊరి క్లినిక్ సాయంత్రానికి తాళం వేస్తుంది. సరే, మా చుట్టూ రాత్రీ పగలూ షిఫ్టులు నడిచేవి ఏమున్నాయి? సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, కలమల్ల దగ్గర థర్మల్ కేంద్రం ఉంది. 500 మందికి పైగా కార్మికులుండే ఫ్యాక్టరీలో నర్సుతో అంబులెన్సు గది ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నియమం. మా దుమ్మూ, మా నాపరాయీ, మా నీళ్లూ పంచుకుంటున్న సంస్థలు రాత్రిపూట ఆ గది తలుపు ఊరికీ తెరిస్తే, ఒక ఈసీజీ మిషను పెట్టి, తీసిన కాగితాన్ని ఫోన్లో ప్రొద్దుటూరుకో కడపకో పంపితే, సీఎస్ఆర్ పద్దులో అది ఏ మూలకు? బస్‌షెల్టరు మీద పేరు రాయించుకోవడం కంటే అదే ఎక్కువ పేరు తెస్తుంది.

అంతదాకా మనం చేసుకోగలిగినవి కొన్ని. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ ఫొటో ఫోన్లో పెట్టుకోండి, డాక్టరు పోల్చి చూసుకుంటారు. నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపుంది, తిన్నాకా పడుకున్నాకా, ఎక్కడికి పాకింది, ఒక నోటు పుస్తకంలో రాయండి. నా డాక్టరు నాకు 24 గంటలూ ఈసీజీ తీసే హోల్టర్ మిషను కట్టింది, అన్నవాహిక పరీక్ష రాసింది ఆ పుస్తకం చూశాకే. యాంజియో నార్మల్ అన్నప్పుడు ‘మరి ఈ నొప్పి దేనివల్ల, తర్వాత ఏం చూద్దాం?’ అని మర్యాదగా అడగండి, అది ఎదురు మాట్లాడటం కాదు. నొప్పి ఎప్పటికంటే గట్టిగా ఉన్నా, పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు, ఆయాసం తోడైనా, ఎన్నోసారన్నది లెక్కపెట్టకుండా 108కు ఫోన్ చేయండి. బండి వెనక కూర్చోబెట్టుకొని పోవద్దు. ఇంట్లోవాళ్లకు ఒక్క మాట: ‘మళ్లానా?’ అని విసుక్కోకండి. ఆ ఒక్క మాటకు జడిసి నోరు మూసుకునే ఆడవాళ్లు మన ఇళ్లల్లో చాలామంది.

నా నొప్పికి ఇంకా పేరు పెట్టలేదు, వెతుకుతున్నారు. వెతుకుతున్నారన్న ధైర్యంతోనే సగం భయం తగ్గింది. అంబులెన్సు గది సంగతి మాత్రం వచ్చే గ్రామసభలో అడగబోతున్నాను. రోడ్లూ కాలువలూ అయ్యాక అయిదు నిమిషాలు చాలు. ఫ్యాక్టరీవాళ్లకు ఇచ్చే అర్జీలో సంతకాలు పెట్టడానికి, ఫైళ్లు లావుగా ఉన్నవాళ్లంతా రండి.