వారానికి ఎనిమిది రోజులు

ఖరిదా నుండి పాఠక మిత్రులొకరు మాకు ఒక ప్రశ్న పంపినారు. వారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. మనుమడు వినే ఇంగ్లీషు పాటలలో ఒకదాని పేరు 'ఎయిట్ డేస్ ఎ వీక్' అట. వారానికి ఉన్నవి ఏడు రోజులే కదా, ఇది పొరపాటా, లేక మనకు అందని అర్థమేదైనా ఉన్నదా, దీనిని తెలుగులో ఎట్లా చెప్పాలి అని వారి సందేహం. ఈ శీర్షికలో మేము సాధారణంగా బేరింగులు, బాయిలర్ల గురించి ముచ్చటించేవారమే కాని పాటల జోలికి పోయినవారము కాము. అయితే ప్రశ్నలో లెక్క ఉన్నది కనుక ఇది మా పరిధిలోనిదే అనుకొన్నాము.

ఈ పాట లివర్‌పూల్ నగరానికి చెందిన బీటిల్స్ బృందానిది. 1964లో 'బీటిల్స్ ఫర్ సేల్' అనే ఆల్బంలో వెలువడినది. మరుసటి ఏడు అమెరికాలో విడి రికార్డుగా విడుదలై అక్కడి జాబితాలో అగ్రస్థానానికి చేరినది. పేరు పుట్టుక గురించి పాల్ మెకార్ట్‌నీ రెండు విధాలుగా చెప్పినారు. జాన్ లెనన్ ఇంటికి తనను కారులో తీసుకొని వెళ్తున్న డ్రైవరును పనులెట్లా ఉన్నవని పలకరిస్తే, వారానికి ఎనిమిది రోజులు పని చేస్తున్నానని అతడు బదులిచ్చినాడని ఒక కథ. ఆ మాట తమ డ్రమ్ము వాద్యకారుడు రింగో స్టార్‌దని మరొకటి. రింగో నోట ఇటువంటివి దొర్లడం మామూలే. 'ఎ హార్డ్ డేస్ నైట్' అన్న 1964 నాటి చిత్రం పేరు కూడా ఆయన చలవే. పగలంతా పనిచేసి, కష్టమైన రోజు అనబోయి, బయట చీకటి పడి ఉండడం గమనించి దానికి రాత్రిని కూడా తగిలించినాడు. రాత్రి షిఫ్టు దిగి తెల్లవారి ఇంటికి చేరేవారికి ఆ చిత్రం పేరును ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు.

ఇంగ్లీషులో వాడుకలో ఉన్న పలుకుబడి 'వారానికి ఏడు రోజులు'. విరామం లేకుండా అని దాని భావం. ఏడుతో వారం నిండిపోయినది. నిండిన కుండలో ఇంకొక చెంబు పోయడమే ఆ ఎనిమిదోది. డ్రైవరు నోట అది పనిభారం, పాటలోకి వచ్చేసరికి ప్రేమ. ఏడు రోజులూ ప్రేమించినా తనివి తీరనివాడు లేని రోజును కల్పించుకొంటున్నాడు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. నవగ్రహాలు తొమ్మిదే. అయినా అల్లుణ్ణి పదో గ్రహమన్నారు మన పెద్దలు. ఎవరూ పంచాంగం తీసి తప్పు పట్టలేదు, అల్లుళ్లు కూడా నవ్వి ఊరుకొన్నారు. గ్రహాలు తొమ్మిదని తెలియనివాడికి మాత్రం ఆ సామెతలో రుచి దొరకదు.

కీలకమంతా అక్కడనే ఉన్నది. బ్రాడ్ గేజిలో రెండు పట్టాల లోపలి అంచుల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. జత చక్రాల వెనుక ముఖాల నడుమ దూరం 1600. కొత్త చక్రపు ఫ్లాంజి మందం 28.5 చొప్పున రెండింటికి 57 కలిపితే 1657 అవుతుంది. మిగిలిన 19 మిల్లీమీటర్లు ఖాళీ. ఇంగ్లీషులో దీని పేరు 'ప్లే', అనగా ఆట. ఆ ఆట బొత్తిగా లేకపోతే వంపులో చక్రం బిగుసుకొంటుంది. మితిమీరితే బండి అటూ ఇటూ ఊగి పట్టాలకూ ప్రయాణికులకూ హాని చేస్తుంది. పలుకుబడిని మార్చి పాడేవానికి కూడా ఇటువంటి హద్దు ఒకటి ఉన్నదని మా అభిప్రాయం. వినేవానికి అసలు మాట చెవిలో మెదులుతూ ఉండాలి, దానికి కొంచెం పక్కగా కొత్త మాట నడవాలి. 2004 నాటి 'ఆర్య' చిత్రంలో వేటూరి 'అ' అనే అక్షరానికి అమలాపురాన్ని జత చేయడం రాణించినదంటే, 'అ అంటే అమ్మ' అని మనమందరం వాచకంలో చదువుకొని ఉండడమే కారణం. మరి 'వారానికి పన్నెండు రోజులు' అని పాడి ఉంటే? ఫ్లాంజి పట్టా ఎక్కేసినట్లే!

పట్టా అందరికీ ఒకటి కాకపోవడం మరొక చిక్కు. మరాఠీలో వారాన్ని 'ఆఠవడా' అంటారు, అందులో ఉన్నది ఎనిమిదే. ఫ్రెంచివారు వారం రోజులు అనడానికి మామూలుగా ఎనిమిది రోజులు అంటారు. మొదటి దినాన్నీ చివరి దినాన్నీ కలుపుకొని లెక్కించే అలవాటు అది. హిందీలోనూ వారానికి 'అఠ్‌వారా' అన్న మాట ఉన్నది. తెలుగు, బెంగాలీ, హిందీ కలసిమెలసి వినిపించే ఖరిదా బజారులో ఈ పాట పేరును నాలుగు ఇళ్లలో చెప్పి చూస్తే, ఇందులో విశేషమేమున్నదని అడిగేవారు ఒకరైనా తగలవచ్చును.

ఖరగ్‌పూర్ వంటి ఊరిలో పుట్టిన పలుకుబడి ఒకదానిని కూడా ఇక్కడ తలచుకోవాలి. ముందు స్టేషను నుండి అనుమతి పొందనిదే ఆ సెక్షనులోకి బండిని పంపరాదు. ఆ అనుమతి పేరు 'లైన్ క్లియర్'. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు తరలిపోయిన మనవారికి అది ప్రాణాలు కాపాడే మాట. నేడు పెళ్లికి పెద్దలు ఒప్పుకొన్నా లైన్ క్లియరే, ఎన్నికలలో టికెట్టు దొరికినా లైన్ క్లియరే. అనేవారిలో స్టేషను మాస్టరు గదిలోని బ్లాకు పరికరాన్ని చూసినవారెందరు? అసలు మరుగున పడినది కనుక అందులో చమత్కారం కూడా ఆవిరైపోయినది, ఉత్త మాటగా మిగిలినది.

తిరిగి ఎనిమిదో రోజుకు వద్దాము. దశాబ్దాల పాటు మన కర్మాగారాలకూ రైల్వే వర్క్‌షాపులకూ వర్తించిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలను పరిమితిగా పెట్టినది. రోజుకు 8 చొప్పున 6 రోజులు. అంతకు మించిన పనికి రెట్టింపు వేతనం. పరిహారపు సెలవుల నిబంధనలను కాసేపు పక్కన పెట్టి, ఒక కార్మికుడు ఏడో రోజు కూడా పూర్తి షిఫ్టు చేసినాడనుకొందాము. ఆరు రోజులకు ఆరు కూలీలు, ఏడో రోజుకు రెండు. మొత్తం ఎనిమిది! బీటిల్స్ వారు ఏ ఊహలో పాడినారో కాని, మన టైం ఆఫీసు లెక్కలో ఈ మాట అక్షరాలా సత్యం.

అయితే ఆ రెండు కూలీల బదులు ఇంటినుండి పోయినది ఒక ఆదివారం. తండ్రి చేయి పట్టుకొని బజారుకు వెళ్లవలసిన పిల్లవాడు ఆనాడు గుమ్మంలో కూర్చుని సైరను కోసం ఎదురుచూస్తాడు. ఓవర్‌టైము డబ్బుతో వానికే బడి ఫీజు కట్టి ఉండవచ్చును, చొక్కా కుట్టించి ఉండవచ్చును. అది కూడా ప్రేమే కదా! పాటలోని ప్రేమికుడు ఎనిమిదో రోజును ఉచితంగా సృష్టించుకొన్నాడు. కార్మికుడు మాత్రం దానిని తన ఇంటివారి ఏడో రోజులో నుండి కోసి తెచ్చినాడు. డ్రైవరు కథే నిజమైన పక్షంలో, అతని మాటలో గొప్ప ఎంత ఉన్నదో అలసట కూడా అంత ఉండి ఉంటుంది. పాట హుషారులో ఆ అలసట చాలామందికి వినపడదు. ఆయుష్షులో సగం సైరను మోతకు లేచిన మన మిత్రులకు వినపడినదేమో, అందుకే ప్రశ్న పంపినారేమో అని మాకు తోచినది.

ఇక తెలుగు సంగతి. ఉన్నదున్నట్లు మార్చితే లెక్క తప్పుగానే కనపడుతుంది. 'ఏడు' మనకు ఏ పలుకుబడిలో నిండుదనంతో ఉన్నదో వెదకాలి. మనవారు ఆదివారం మొదలు శనివారం వరకు దినానికొక తీరుగా ధరించే ఆభరణాలను ఏడువారాల నగలంటారు. అవి ఉన్న ఇల్లాలికి ఇంక కొరత లేదని లోకం మాట. కనుక 'ఎనిమిదో వారం నగ' అన్నామంటే పాట పేరులోని కొంటెతనం చాలావరకు తెలుగులోకి దిగినట్లే. మిత్రులు దీనిని మనుమడి కంటె ముందు తమ ఇల్లాలికి వినిపించవలసినదిగా మా మనవి. అర్థం వివరించవలసిన అవసరం రాదు. ఆ నగ ఎప్పుడు తెస్తారని ఆమె అడిగిన పక్షంలో మాత్రం ఈ శీర్షిక బాధ్యత వహించదు.