నూగు

మే నెలలో మస్కట్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కారు స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అలాంటి ఎండలో మా అమ్మాయి నిండు చేతుల హుడీ వేసుకుని స్కూలు బస్సు దిగేది. మొదట ఫ్యాషన్ అనుకున్నాను. తర్వాత బస్సులో ఏసీ ఎక్కువేమో అనుకున్నాను. శుక్రవారం సీబ్ బీచ్‌కి వెళ్దామంటే తలనొప్పి అంది. పై వారం కడుపునొప్పి అంది. తొమ్మిదో తరగతి కదా, చదువు ఒత్తిడిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒకరోజు బాత్రూంలో తువ్వాలు మీద రక్తపు చారికలు కనిపించాయి. వాళ్ళ నాన్న రేజర్ తీసుకుని, సబ్బు కూడా రాసుకోకుండా పిక్కల మీద గీసుకుంది. రెండు చోట్ల తెగింది. నేను అరవబోయి, దాని మొహం చూసి ఆగిపోయాను.

ఈ వయసు పిల్లలతో ఎదురెదురుగా కూచుని మాట్లాడటం నా వల్ల కాదు. కారులో అయితే ఇద్దరం ముందుకే చూస్తాం కనక కాస్త నయం. సరుకుల వంకతో దాన్ని మవాలే సిటీ సెంటర్‌కి తీసుకెళ్ళి, పార్కింగ్‌లో ఏసీ ఆపకుండా అరగంట అలాగే కూచున్నాను. అప్పటికి నోరు విప్పింది. బస్సులో ఒక కుర్రాడు దాని చేతులు చూసి "గొరిల్లా" అన్నాడట. అది జరిగి మూడు నెలలైందిట.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే సున్నిపిండి రాసుకోమంటావు."

నాకు మాట రాలేదు. అది ఆగలేదు. "మొన్న వీడియో కాల్‌లో బావని చూసి ఏమన్నావ్? నూనూగు మీసాలొచ్చేశాయి, ఎంత ముద్దుగా ఉన్నాడో అన్నావ్. వాడికొస్తే ముద్దూ, నాకొస్తే సున్నిపిండీనా?"

నిజమే. పసిబిడ్డకి నలుగు పెట్టి నూగు రాలగొట్టడం మా అమ్మ నాకు చేసింది, నేను దీనికి చేశాను. అక్కడితో ఆగానా? దానికి ఏడెనిమిదేళ్ళప్పటి నుంచీ తలంటు పోసిన ప్రతిసారీ "చేతులకి ఇంకాస్త రుద్దుకోవే, నూగు పోతుంది" అంటూనే ఉన్నాను. ప్రేమతోనే అన్నాను. కానీ దాని ఒంటి మీద మొదటి ఫిర్యాదు బస్సులో కుర్రాడిది కాదు, నాది.

పత్రికల్లో వీటికి "అవాంఛిత రోమాలు" అని పేరు. ఎవరికి అవాంఛితమో రాయరు. మన ప్రబంధ కవులు నాయిక నూగారుని తుమ్మెదల బారుతో పోల్చి మురిసిపోయారు. అదే నూగు ఇప్పుడు బ్యూటీ పార్లర్ రేట్ల పట్టికలో ఉంది. వెంట్రుక మారలేదు, చూసే కళ్ళు మారాయి.

అయినా ఇదేమైనా జబ్బేమో అన్న భయం ఉంటుంది కదా. దగ్గర్లో ఉన్న గైనిక్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నన్ను కాక దాన్నే అడిగింది, నెలసరి ఎప్పుడు మొదలైంది, ఎన్ని రోజులకోసారి వస్తోంది, గొంతు మారిందా, మొటిమలు ఎక్కువయ్యాయా, ఈ వెంట్రుకలు నెమ్మదిగా వచ్చాయా, కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా పెరిగాయా అని. తర్వాత ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. 1961లో ఫెరిమన్, గాల్వే అనే ఇద్దరు ఒంటి మీద వెంట్రుకలకి మార్కులు వేసే పద్ధతి పెట్టారట. ఇప్పుడు డాక్టర్లు తొమ్మిది చోట్లు చూస్తారు. పైపెదవి, గడ్డం, ఛాతీ, పొట్ట పైభాగం, కింది భాగం, వీపు పైన, నడుం, దండచేతులు, తొడలు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు.

మా అమ్మాయి జాగ్రత్తగా లెక్కపెట్టి, "మరి మోచేతి కింద? పిక్కలు?" అంది.

"అవి లెక్కలోకి రావు. అక్కడి వెంట్రుకలకీ ఆ హార్మోన్లకీ పెద్దగా సంబంధం లేదు. అమ్మమ్మకో నాయనమ్మకో ఉండి ఉంటాయి" అందావిడ.

ఏ చేతుల కోసం అది మూడు నెలలు ఎండలో ఉడికిపోయిందో, ఆ చేతులకి డాక్టర్ల పట్టికలో చోటే లేదు! పైపెదవి మీద మాత్రం కొంచెం ఉంది. ఒకటి రెండు రక్తపరీక్షలు రాసింది, అన్నీ మామూలుగానే వచ్చాయి. పీసీఓఎస్ ఉందేమో స్కాన్ తీయించమని నేనే పట్టుబట్టాను. రజస్వల అయిన ఎనిమిదేళ్ళ వరకూ అండాశయాలు స్కాన్‌లో ఎలాగూ అలా బుడగలుబుడగలుగా కనిపించవచ్చు, దాన్ని చూసి జబ్బని ముద్ర వేయకూడదు అని చెప్పి పంపేసింది. నెలసరి మూడు నెలలు దాటి రాకపోయినా, గొంతు బొంగురుపోయినా, వెంట్రుకలు ఉన్నట్టుండి పెరిగినా మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మంది.

గీస్తే ఇంకా ఒత్తుగా వస్తాయని నా భయం. దానికీ నవ్వింది. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మగవాళ్ళ గడ్డాలు కొలిచి, గీయడం వల్ల వెంట్రుక లావెక్కదని తేల్చిందట. కొస తెగి మొండిగా తగులుతుంది కనక మనకలా అనిపిస్తుందంతే. లేజర్ సంగతి అడిగితే, హార్మోన్లు ఇంకా కుదురుకోని వయసు, మన చామనఛాయకి సరిపడే యంత్రం కాకపోతే చర్మం కాలుతుంది, తొందరేముంది అంది.

తిరిగొస్తూ కారులో నాకు ఉత్తరప్రదేశ్ పిల్ల గుర్తొచ్చింది. 2024లో పదో తరగతి బోర్డు పరీక్షల్లో 600కి 591 తెచ్చుకుని రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిస్తే, ఫోటో చూసిన జనం మార్కులు వదిలేసి మూతి మీద వెంట్రుకలు పట్టుకున్నారు. ఒకటి రెండు మార్కులు తగ్గినా బాగుండేది, ఇలా అందరి కళ్ళల్లో పడేదాన్ని కాదని తర్వాత ఆ పిల్ల చెప్పుకుంది. అప్పుడు ఆ వార్త చదివి, ఎంత సంస్కారం లేని జనం అనుకుని పేజీ తిప్పేశాను. ఆ ఆదివారం కూడా నేను మా పిల్లకి సున్నిపిండి కలిపే ఉంటాను.

"తీసేయాలా వద్దా, నువ్వు చెప్పమ్మా" అంది.

"నీ ఇష్టం."

"మరి నువ్వెందుకు తీయించుకుంటావ్?"

మంచి జవాబు లేదు. అలవాటైపోయిందనీ, లేకపోతే నలుగురిలో బిడియమనీ, నాకూ ఆ ధైర్యం లేదనీ ఉన్నమాట చెప్పాను. అది కాసేపు కిటికీలోంచి చూసి, "సరే అయితే" అంది. దేనికి సరే అందో తెలియదు.

మా పక్క ఫ్లాట్‌లో ఈజిప్టు ఆవిడ ఉంది. విషయం తెలిసి మా వంటింట్లోనే హలావా చేసి చూపించింది. పంచదార, నిమ్మరసం, కాసిని నీళ్ళు. రంగు తేనెలా మారేదాకా మరిగించి, చుక్క నీళ్ళలో వేసి వేళ్ళతో చూసింది. అచ్చం మా అమ్మ అరిసెల పాకం చూసినట్టే. ఇల్లంతా మిఠాయి కొట్టు వాసన. మా అమ్మాయి చల్లారిన ముద్దని నోట్లో వేసుకుని, "దీంతో వెంట్రుకలు పీకుతారా!" అని పడీపడీ నవ్వింది. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు. పిక్క మీద ఒక్క పట్టీ లాగించుకుని, కెవ్వుమని, ఇక చాలంది.

ఇప్పటికి దాని తీర్మానం ఇది. పైపెదవికి నెలకోసారి దారం. కాళ్ళకి ఎప్పుడైనా బుద్ధి పుడితే సొంత రేజరు, సబ్బు నురగతో. చేతుల జోలికి ఎవరూ రాకూడదు. హుడీ ఇంకా పూర్తిగా పోలేదు. బస్సులో వేసుకుంటుంది, ఇంటి గేటు దగ్గర తీసి నడుముకి కట్టుకుంటుంది. నేనేమీ అనను.

నిన్న మా అమ్మ ఫోన్ చేసింది. తెలిసినవాళ్ళు మస్కట్ వస్తున్నారు, పిల్లకి సున్నిపిండి పంపనా అని.

"పంపమ్మా. ఒంటికి మంచిదని మాత్రం చెప్పు. నూగు పోతుందని చెప్పకు."

"ఏం, పోదా?"

"పోనక్కర్లేదు."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "నాకూ చేతుల నిండా ఉండేవే, అందుకే నా జాకెట్లన్నీ మోచేతుల కిందకి కుట్టించుకునేదాన్ని" అంది.

ఇన్నేళ్ళూ అది ఆ కాలపు కుట్టు అనుకున్నాను.