ఆటస్థలంలో శిల్పం: తొలగించినదేమిటి?

రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులకు గురైన లండన్‌లోని పిమ్లికో ప్రాంతంలో 1946-62 మధ్య చర్చిల్ గార్డెన్స్ గృహ సముదాయం వెలసింది. అక్కడి పిల్లల ఆటస్థలంలో కాంక్రీటుతో పళ్లెం వంటి నిర్మాణాన్ని నిలిపారు. అది ఎగిరే పళ్లెమో, పుట్టగొడుగో, శత్రువుల కోటో తేల్చుకోవలసినవారు పిల్లలే. బ్రిటన్‌లోని ప్రభుత్వ గృహ సముదాయాల్లో ఇటువంటి నైరూప్య శిల్పాలు అనేకం వెలిశాయి. కాలక్రమేణా, భద్రతా ప్రమాణాలకు సరిపోవంటూ వాటిలో అధిక భాగాన్ని తొలగించారు.

భద్రతను తేలికగా తీసుకోరాదు. కాంక్రీటుపై పడిన పిల్లవాడి మోకాలు వాస్తుశిల్పి నమూనాలో కనిపించదు. అయితే గట్టిదనంతోపాటు ఆకృతిని కూడా పారవేయడం ఎందుకన్నదే ప్రశ్న. 2015లో అసెంబుల్ బృందం, కళాకారుడు సైమన్ టెరిల్‌తో కలిసి, లండన్‌లోని బ్రిటిష్ వాస్తుశిల్పుల రాయల్ సంస్థలో ఆ ఆకృతులనే మెత్తని ఫోమ్‌తో పునర్నిర్మించింది. చిన్నలతోపాటు పెద్దలూ వాటిపైకి ఎక్కి దిగారు. ఆకారాన్ని ఉంచి పదార్థాన్ని మార్చవచ్చునన్న సంగతి అక్కడ కళ్లకు కట్టింది.

కాని అది ప్రదర్శనశాల. కొద్ది వారాల ముచ్చట. ఎవరి కోసం ఆ శిల్పాలను మొదట తలపెట్టారో ఆ అద్దె ఇళ్ల పిల్లలకు మిగులుతున్నది కేటలాగు చూసి కొన్న జారుడుబల్ల. దానిపై కిందినుంచి పైకి ఎక్కబోయినా పెద్దలు కసురుతారు.